వాయిదా వేసిన పని సరైన రోజున కళ్లముందుకు రావాలంటే: టాస్క్ మేనేజర్ వ్యూలను అమర్చుకునే పద్ధతి

చేయాల్సిన పనులను రాసుకునే టాస్క్ మేనేజర్ యాప్‌లో పని రాసుకోవడం కష్టం కాదు. ఆ పనిని ఇప్పుడు చేయనక్కర్లేదని తేల్చుకున్నాక, ఆ సంగతి యాప్‌కు ఎలా చెప్పాలన్న దగ్గరే చాలామంది తడబడతారు. ఎదురుగా కనిపించేది గడువు తేదీ పెట్టె ఒక్కటే కాబట్టి, అసలు గడువంటూ లేని పనికి కూడా అందులో వచ్చే సోమవారం తేదీ వేసేస్తారు. సోమవారం వస్తుంది, పని కాదు, ఆ వరుస ఎర్రబడుతుంది. దాన్ని మరో వారం ముందుకు జరుపుతారు. కొన్ని నెలలు ఇలా గడిచాక జాబితాలో ఎరుపు రంగుకు అర్థమే మిగలదు. నేను చాలాకాలం ఇదే పద్ధతిలో నడిచాను. ఎర్రగా కనిపించే 60కి పైగా పనుల మధ్య, నిజంగానే గడువున్న బీమా పాలసీ పునరుద్ధరణ ఒకటి నా కంటపడకుండానే దాటిపోయింది. ఆ తర్వాతే వ్యూలను, అంటే మనం పెట్టిన షరతులకు సరిపోయే పనులను మాత్రమే చూపే జాబితాలను, మొదటినుంచి మళ్లీ కట్టుకున్నాను.

పనిని వాయిదా వేసినప్పుడు మనం యాప్ నుంచి రెండు విషయాలు కోరుతున్నాం. చెప్పిన రోజు వరకు ఆ పని కనబడకూడదు, ఆ రోజు రాగానే తప్పకుండా కనబడాలి. చాలా యాప్‌లు మొదటిదాన్ని చక్కగా చేస్తాయి గానీ, రెండోదాన్ని మన అమరికకు వదిలేస్తాయి. అందువల్ల వాయిదా పనుల కోసం వ్యూలను సర్దుకునేటప్పుడు, ఏది దాచాలన్న ప్రశ్నకు ఇచ్చినంత ఆలోచన, దాచినది ఏ దారిన తిరిగి వస్తుందన్న ప్రశ్నకు కూడా ఇవ్వాలి.

ముందుగా తేదీలను విడదీయండి

ఒక పనికి మూడు వేరువేరు తేదీలు ఉండవచ్చు. ఆ పని కనబడటం మొదలవ్వాల్సిన తేదీ ఒకటి, దాన్ని చేద్దామని మనం అనుకున్న తేదీ ఇంకొకటి, అది దాటితే నష్టం జరిగే గడువు తేదీ మూడోది. వాయిదాకు సంబంధించినది మొదటిది. దీన్ని కొన్ని యాప్‌లు స్టార్ట్ డేట్ అంటాయి, ఆమ్నిఫోకస్ డిఫర్ డేట్ అంటుంది, టాస్క్‌వారియర్ వెయిట్ అంటుంది. పేరు ఏదైనా, ఆ రోజే పని చేసి తీరాలని దాని అర్థం కాదు. ఆ రోజు నుంచి ఈ పని నా దృష్టిలో ఉండవచ్చని మాత్రమే అర్థం. ఈ తేడా మనసులో స్థిరపడకపోతే ఎన్ని వ్యూలు కట్టినా ప్రయోజనం ఉండదు.

ఈ విభజన కొత్తది కాదు. కంప్యూటర్లు బల్లల మీదికి రాకముందే, రోజుకు ఒకటి చొప్పున 31, నెలకు ఒకటి చొప్పున 12, మొత్తం 43 ఫోల్డర్లు పెట్టుకుని, ఏ కాగితం ఏ రోజు చూడాలో ఆ ఫోల్డర్‌లో వేసి, ఏరోజుకారోజు ఆ ఫోల్డర్ తెరిచే పద్ధతి కార్యాలయాల్లో ఉండేది. క్యాలెండర్ సమాచారాన్ని యాప్‌ల మధ్య పంచుకోవడానికి 1998లో వచ్చిన ఐక్యాలెండర్ ప్రమాణం, దాన్ని సవరించి 2009లో తెచ్చిన రూపం, రెండూ చేయాల్సిన పనికి ప్రారంభ తేదీని, గడువు తేదీని వేరువేరు అంశాలుగానే ఉంచాయి. అయినా గూగుల్ టాస్క్స్, మైక్రోసాఫ్ట్ టు డూ వంటి తేలికపాటి యాప్‌లలో ప్రారంభ తేదీకి చోటు లేదు. అలాంటివాటి సంగతి తర్వాత చెబుతాను.

చేద్దామనుకున్న తేదీ విషయంలో నా అభిప్రాయం ఒకటుంది. ఆమ్నిఫోకస్‌లో 2025లో దీనికోసం ప్లాన్డ్ డేట్ అని విడిగా ఒక అంశం వచ్చింది, అబ్సిడియన్ అనే నోట్స్ యాప్‌కు తగిలించుకునే టాస్క్స్ ప్లగిన్‌లో కూడా స్టార్ట్, షెడ్యూల్డ్, డ్యూ అని మూడూ ఉన్నాయి. అయితే కొత్తగా మొదలుపెట్టేవారు తొలి రెండు నెలలు దాని జోలికి వెళ్లకుండా, ప్రారంభ తేదీ, గడువు తేదీ అనే రెండింటితోనే సరిపెట్టుకోవడం మంచిది. మూడు తేదీలు నింపాల్సి వస్తే మనిషి ఒక్కటీ సరిగా నింపడు.

వాయిదా ఎందుకు పడిందో గుర్తుపెట్టుకోండి

ఇంకా మొదలుపెట్టే వీలే లేని పని ఒక రకం. దరఖాస్తుల స్వీకరణ వచ్చే నెల 10న మొదలవుతుందంటే, అంతకుముందు ఆ పని కళ్లముందు ఉన్నా ఏమీ చేయలేం. వీలున్నా ఇప్పుడు వద్దని మనమే నిర్ణయించుకున్నది రెండో రకం. ఇంకొకరి జవాబు కోసం ఆగినది మూడో రకం. ఎప్పటికైనా చేయాలనిపించి, ఎప్పుడో తెలియనిది నాలుగోది.

మొదటి రెండింటికీ ప్రారంభ తేదీ చాలు. మూడోదానికి తేదీతో పాటు ఒక ట్యాగ్ కూడా కావాలి, ఎందుకంటే ఆ పని తిరిగి వచ్చిన రోజు మనం చేయాల్సింది ఆ పనిని కాదు, అవతలి వ్యక్తికి గుర్తుచేయడాన్ని. అందుకే నేను ఆ వరుస పేరునే మార్చేస్తాను. "నివేదిక పూర్తి చేయాలి" అన్నదాన్ని "నివేదిక అంకెల కోసం మళ్లీ అడగాలి" అని రాసి, అడగదలచుకున్న రోజును ప్రారంభ తేదీగా ఇచ్చి, "ఎదురుచూపు" అనే ట్యాగ్ తగిలిస్తాను. నాలుగో రకానికి తేదీ వేయకూడదు. వేస్తే అది కల్పిత తేదీ అవుతుంది, ఆ రోజున వచ్చి చిరాకు పెట్టి మళ్లీ వెనక్కు పోతుంది. ఇలాంటివాటిని నేను "అటక" అనే చోట ఉంచుతాను. యాప్‌లో దీనికి ప్రాజెక్ట్‌ను ఆన్ హోల్డ్ స్థితిలో పెట్టే వీలుంటే అది, సమ్‌డే అనే విభాగం ఉంటే అది, ఏదీ లేకపోతే ఒక ట్యాగ్ సరిపోతుంది. టాస్క్‌వారియర్‌లో సమ్‌డే అనే మాటనే తేదీగా ఇవ్వవచ్చు. పాత వెర్షన్లు దాన్ని 2038 జనవరి 18గా, కొత్తవి 9999 డిసెంబర్ 30గా తీసుకుంటాయి. అంటే అది తనంతట తాను తిరిగి రాదు, మనమే వెళ్లి చూడాలి.

మొదటి వ్యూ: చేతిలో పని

రోజంతా తెరిచి ఉంచే వ్యూ ఇది. ఇప్పుడు చేయగలిగినవి తప్ప ఇందులో ఇంకేమీ ఉండకూడదు. దీని షరతులను మాటల్లో చెప్పాలంటే: పని పూర్తికాలేదు, ఎదురుచూపు ట్యాగ్ ఉంటే దాని ప్రారంభ తేదీ వచ్చి ఉండాలి, అటకలో లేదు, ప్రారంభ తేదీ ఈ రోజు లేదా అంతకుముందు, లేదంటే ప్రారంభ తేదీయే లేదు.

ఈ చివరి ముక్కలోనే ఎక్కువమంది దెబ్బతింటారు. ప్రారంభ తేదీ ఈ రోజు లేదా అంతకుముందు అని మాత్రమే ఫిల్టర్ రాస్తే, తేదీ ఖాళీగా ఉన్న పనులు చాలా యాప్‌లలో ఆ ఫిల్టర్‌కు దొరకవు. ఖాళీ అనేది ఏ తేదీకీ ముందు కాదు, తర్వాతా కాదు కాబట్టి డేటాబేస్ దాన్ని పక్కన పెట్టేస్తుంది. నోషన్ యాప్‌లో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడ తేదీ ఈ రోజు లేదా అంతకుముందు అన్న షరతును, తేదీ ఖాళీగా ఉంది అన్న షరతును ఒకే ఫిల్టర్ గ్రూపులో వేసి, వాటి మధ్య సంబంధాన్ని "లేదా" అని మార్చాలి. మిగతా షరతులన్నీ ఆ గ్రూపు బయట "మరియు" సంబంధంతో ఉండాలి. అబ్సిడియన్ టాస్క్స్ ప్లగిన్ దీనికి భిన్నంగా నడుస్తుంది. రేపటికి ముందు మొదలయ్యేవి అని అడిగితే, ప్రారంభ తేదీ లేనివాటిని కూడా అదే కలిపి చూపిస్తుంది. మీ యాప్ ఏ పక్షమో ఒక్కసారి పరీక్షించి తెలుసుకోవాలి, ఊహించుకోకూడదు.

ఆమ్నిఫోకస్‌లో ఈ శ్రమ ఉండదు. మనం సొంతంగా కట్టుకునే వ్యూను అది కస్టమ్ పర్‌స్పెక్టివ్ అంటుంది. అందులో అవైలబుల్ అన్న షరతు ఎంచుకుంటే, డిఫర్ తేదీ ఇంకా రానివి, ఆన్ హోల్డ్‌లో ఉన్నవి, వరుసక్రమపు ప్రాజెక్ట్‌లో ముందు పని కాకపోవడం వల్ల ఆగినవి, మూడూ తప్పుకుంటాయి. కస్టమ్ పర్‌స్పెక్టివ్‌లు ప్రో లైసెన్సులో మాత్రమే ఉంటాయి గానీ, మామూలు ప్రాజెక్ట్స్ వ్యూలో కూడా వ్యూ ఆప్షన్స్ ద్వారా అవైలబుల్‌ను ఎంచుకోవచ్చు. ఒక జాగ్రత్త ఏమిటంటే, ప్రాజెక్ట్‌కు డిఫర్ తేదీ ఇస్తే దాని లోపలి పనులన్నీ దాగిపోతాయి. లోపల ఒక్క పని ఈ వారం చేయాల్సి ఉంటే, తేదీని ప్రాజెక్ట్‌కు కాకుండా మిగతా పనులకు ఇవ్వాలి.

ఈమాక్స్ అనే టెక్స్ట్ ఎడిటర్‌లోని ఆర్గ్ మోడ్ వాడేవారికి వేరే చిక్కు. షెడ్యూల్డ్ తేదీ ఇచ్చిన పని రోజువారీ అజెండాలో ఆ తేదీ నుంచి మొదలై పూర్తయ్యేదాకా కనిపిస్తూనే ఉంటుంది, అది బాగుంది. కానీ మొత్తం టుడు జాబితా తెరిస్తే భవిష్యత్తు తేదీలున్నవి కూడా అందులో వచ్చిపడతాయి. ఆర్గ్-అజెండా-టుడు-ఇగ్నోర్-షెడ్యూల్డ్ అనే సెట్టింగ్‌కు ఫ్యూచర్ అనే విలువ ఇస్తే ఆ జాబితా కూడా శుభ్రపడుతుంది. టాస్క్స్.ఆర్గ్ అనే ఆండ్రాయిడ్ యాప్‌లోనైతే, ఇంకా మొదలుకాని పనులను చూపించాలా వద్దా అనే ఎంపిక జాబితా అమరికలోనే ఉంటుంది.

గడువుల వ్యూలో దాచకూడదు

మొదటి వ్యూ నచ్చాక చాలామంది అదే షరతును అన్ని వ్యూలకూ అంటించేస్తారు. అది ప్రమాదం. రాబోయే 7 లేదా 14 రోజుల గడువులను చూపించే వ్యూ ఒకటి విడిగా ఉండాలి, అందులో ప్రారంభ తేదీని అసలు పట్టించుకోకూడదు. ఎందుకంటే వాయిదా తేదీ మన అంచనా, గడువు బయటి ప్రపంచం పెట్టినది. మన అంచనా తప్పినప్పుడు పట్టుకునే వ్యూ అంటూ ఒకటి ఉండి తీరాలి. ఆమ్నిఫోకస్‌లో ఈ పర్‌స్పెక్టివ్‌కు అవైలబుల్ బదులు, పూర్తికానివన్నీ చూపే రిమైనింగ్ ఎంచుకోవాలి. ఆర్గ్ మోడ్ గడువుకు 14 రోజుల ముందునుంచే అజెండాలో హెచ్చరించడం మొదలుపెడుతుంది, ఆ సంఖ్యను ఒక్కో పనికి విడిగా మార్చుకోవచ్చు కూడా.

యాప్‌లో రెండు తేదీలను పోల్చే వీలుంటే, ప్రారంభ తేదీ గడువు కంటే తర్వాత ఉన్న పనులను పట్టే చిన్న వ్యూ కూడా కట్టుకోండి. వినడానికి ఇలాంటివి ఉండవనిపిస్తుంది గానీ, వాయిదాను ఆదరాబాదరాగా ముందుకు జరిపినప్పుడు ఇవి పుడతాయి. ఆ పని గడువు దాటాకే బయటికి వస్తుంది. ఈ వ్యూ ఎప్పుడూ ఖాళీగా ఉండాలి.

ప్రారంభ తేదీని ఎంతకు పెట్టాలన్నది ఇక్కడే తేలుతుంది. నేను గడువు నుంచి వెనక్కు లెక్కపెడతాను. పనికి 3 రోజులు పడుతుందనిపిస్తే 6 రోజుల ముందు, ఇతరుల సంతకమో ఆమోదమో కావాలంటే ఇంకో వారం ముందు. ఇది నాకు అలవాటైన కొలత మాత్రమే, మీ పనుల తీరును బట్టి మార్చుకోవచ్చు.

తిరిగి వచ్చిన పనిని గుర్తించే వ్యూ

నాకు అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే, ఎక్కువమంది కట్టుకోనిది కూడా ఇదే. మూడు వారాల క్రితం వాయిదా వేసిన పని ఈ ఉదయం చేతిలో పనిలోకి వచ్చిందనుకోండి. అక్కడ ఇప్పటికే 40 వరుసలున్నాయి, ఇది 41వది. అది వచ్చిందని ఎవరూ చెప్పరు. ప్రాజెక్ట్ పేరును బట్టి క్రమం పెట్టుకుని ఉంటే ఎక్కడో మధ్యలో కలిసిపోతుంది. దాచిన పని తిరిగి వచ్చినా, మన దృష్టిలో అది ఇంకా రానట్టే.

థింగ్స్ యాప్ ఈ విషయాన్ని బాగా ఆలోచించింది. వాయిదా తేదీ వచ్చిన పనులను టుడే జాబితాలో పైన, కొత్తగా వచ్చినవిగా చూపి, మనం సరేనన్నాకే మిగతావాటిలో కలుపుతుంది. మిగతా యాప్‌లలో ఇదే ఫలితం రావాలంటే, ప్రారంభ తేదీ గత 3 రోజుల్లోగా పడిన, ఇంకా పూర్తికాని పనులను మాత్రమే చూపే వ్యూను "తేలినవి" వంటి పేరుతో కట్టుకోవచ్చు. వారాంతం తర్వాత తెరిచినా ఏదీ జారిపోకుండా ఉండటానికే 3 రోజులు. వ్యూను విడిగా పెట్టుకోవడం ఇష్టం లేకపోతే, చేతిలో పని వ్యూలోనే ప్రారంభ తేదీని బట్టి, కొత్తది పైన ఉండేలా క్రమం మార్చినా పని జరుగుతుంది. అప్పుడు తేదీ లేనివి అడుగుకు చేరేలా చూసుకోవాలి. ఆమ్నిఫోకస్ వాడేవారు ఫోర్‌కాస్ట్ వ్యూలో వాయిదా పనులను కూడా చూపే ఎంపికను ఆన్ చేసుకుంటే, ఏ రోజు ఏవి తేలతాయో ఆ రోజు కిందే కనిపిస్తాయి.

పొద్దున ఈ వ్యూ తెరిచినప్పుడు ఒక్కో వరుసకూ ఒక నిర్ణయం చాలు: ఉంచుకోవాలా, మళ్లీ వాయిదా వేయాలా, అటకకు పంపాలా, తీసేయాలా. రెండోసారి వాయిదా వేస్తున్నట్టయితే "మళ్లీ" అనే ట్యాగ్ తగిలించండి. ఆ ట్యాగ్ ఉన్నది మూడోసారి కూడా తేలి, అప్పుడూ చేయబుద్ధి కాకపోతే లోపం తేదీలో లేదు. ఆ పని మరీ పెద్దదై ఉండాలి, లేదా అసలు అక్కర్లేనిదై ఉండాలి. ముక్కలుగా విడగొట్టడమో కొట్టేయడమో అప్పుడే చేయాలి.

ప్రారంభ తేదీ లేని యాప్‌లలో

టుడూయిస్ట్‌లో డేట్, డెడ్‌లైన్ అని రెండు అంశాలున్నాయి. నిజమైన గడువును డెడ్‌లైన్‌లో రాసి, డేట్‌ను పని తేలాల్సిన రోజుగా వాడుకోవచ్చు. ఇబ్బంది ఏమిటంటే, ఆ రోజు దాటిపోతే టుడూయిస్ట్ దాన్ని ఓవర్‌డ్యూ కింద లెక్కగడుతుంది. అందుకే టుడే వ్యూను చేయాల్సిన పనుల జాబితాగా కాకుండా ఉత్తరాలు వచ్చిపడే పెట్టెగా చూడాలి. ప్రతి ఉదయం అందులో తేలినవాటిలో ఈ రోజే చేసేవి అక్కడే ఉంచి, మిగతావాటి తేదీ తీసేసి "చేతిలో" అనే లేబుల్ ఇవ్వాలి. ఆ తర్వాత ఆ లేబుల్ ఉన్నవి, లేదా ఈ రోజు తేదీ ఉన్నవి అని ఒక ఫిల్టర్ రాసుకుంటే అదే మొదటి వ్యూ అవుతుంది. తేదీ, లేబుల్ రెండూ లేనివన్నీ అటక.

మైక్రోసాఫ్ట్ టు డూలో, గూగుల్ టాస్క్స్‌లో సొంత ఫిల్టర్లు రాసుకునే వీలు లేదు కాబట్టి జాబితాలనే వ్యూలుగా మలచుకోవాలి. "వాయిదా" అని విడి జాబితా పెట్టి పనిని అందులోకి మార్చండి. టు డూలో గడువు తేదీని నిజమైనదిగానే ఉంచి, తేలాల్సిన రోజుకు రిమైండర్ ఇస్తే ఆ రోజు ఫోన్ చెబుతుంది. అప్పుడు దాన్ని, ఆ రోజు పనులకోసం ఉండే మై డే జాబితాలోకి తెచ్చుకోవాలి. మై డే రాత్రికి ఖాళీ అయిపోతుంది, ఆ రోజు కానిది దాని అసలు జాబితాలోనే ఉండిపోతుంది. కనుక వాయిదా జాబితా నుంచి పనిని బయటికి తేవడం మర్చిపోకూడదు. గూగుల్ టాస్క్స్‌లో ఇచ్చిన తేదీ గూగుల్ క్యాలెండర్‌లో కూడా కనబడుతుంది కాబట్టి, తేలాల్సిన రోజును అక్కడ ఇచ్చి, నిజమైన గడువును పని పేరులోనే రాసుకోవడం మేలు.

నిద్రలో ఉన్నవాటిని వారానికోసారి చూడండి

దాచినవాటిని చూపించే వ్యూ కూడా ఒకటి కావాలి. ప్రారంభ తేదీ రేపటి నుంచి మొదలయ్యేవన్నీ అందులోకి తెచ్చి, వారాలవారీగా గుంపులు చేయండి. దీన్ని మొదటిసారి తెరిచినప్పుడు పనులు సోమవారాల మీద, నెల మొదటి తేదీల మీద కుప్పపడి ఉండటం చూస్తారు. వాయిదా వేసేటప్పుడు వేళ్లు ఆ తేదీలకే అలవాటుగా పోతాయి. కుప్పను పగలగొట్టి, కొన్నింటిని బుధ, గురువారాలకు జరపండి.

పునరావృతమయ్యే పనులను కూడా ఈ వ్యూలోనే సరిచూసుకోవాలి. అలాంటి పని తర్వాతి తేదీ, నిర్ణీత తేదీని బట్టి లెక్కించాలా, మనం పూర్తిచేసిన రోజును బట్టి లెక్కించాలా అని చాలా యాప్‌లు అడుగుతాయి. అద్దె వంటివాటికి మొదటిది, నీళ్ల ఫిల్టర్ శుభ్రం చేయడం వంటివాటికి రెండోది. ఇది తారుమారైతే, పనిని నిన్ననే ముగించినా రేపు మళ్లీ తేలుతుంది.

అటకను ఇంత తరచుగా చూడనక్కర్లేదు, నెలకొకసారి చాలు.

వాడుకలో పెట్టే ముందు పరీక్ష

నాలుగు ఉత్తుత్తి పనులు రాయండి. మొదటిదానికి తేదీలేవీ వద్దు. రెండోదానికి ప్రారంభ తేదీ రేపు. మూడోదానికి ప్రారంభ తేదీ వచ్చే వారం, గడువు ఎల్లుండి. నాలుగోదానికి ఎదురుచూపు ట్యాగ్‌తో పాటు ప్రారంభ తేదీ నిన్న. చేతిలో పనిలో మొదటిది, నాలుగోది మాత్రమే కనిపించాలి. గడువుల వ్యూలో మూడోది ఉండాలి. నిద్రలో ఉన్నవాటిలో రెండోది, మూడోది ఉండాలి. తేలినవాటిలో నాలుగోది ఉండాలి. మర్నాడు ఉదయం మళ్లీ తెరిచి, రెండోది తనంతట తాను మొదటి వ్యూలోకి వచ్చిందో లేదో చూడండి. అది మధ్యాహ్నం దాకా రాకపోతే, మీ యాప్ ప్రారంభ తేదీకి ఒక గంటను కూడా జోడిస్తోందని అర్థం. సెట్టింగ్స్‌లో ఆ గంటను అర్ధరాత్రి 12కి మార్చండి.

ఇవన్నీ సరిగా వచ్చాక పాత జాబితాలోని గడువు తేదీలను ఒక్కొక్కటిగా చూసి, దాటితే నిజంగా నష్టం జరిగేవాటిని అలాగే ఉంచి, మిగతావాటిని ప్రారంభ తేదీలోకి మార్చండి లేదా అటకకు పంపండి. ఒక్క పూటలో ముగించాలని చూడకుండా రోజుకు 20 చొప్పున చేస్తే నిర్ణయాలు సవ్యంగా వస్తాయి. ఆ పని ముగిసేదాకా ఉత్తుత్తి పనులను తీసేయకండి, మధ్యలో ఏ ఫిల్టర్ మార్చినా అవే మళ్లీ పరీక్షకు పనికొస్తాయి.